గుండు కాదు, చూపే గొప్ప!

వేటగాడికి రెండు కావాలి... కొలత కుదిరిన గుండు, పదునైన చూపు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది. అందుకే గుండ్లను ఇంట్లోనే అచ్చు పోసుకునేవారు. సైజు తేడా వస్తే గురి గోవిందా! మీట ఆడించి తూటా ఎక్కించే లీవర్ యాక్షన్ రైఫిళ్లలో చాలావాటికి తూటాలు గొట్టంలో వరసగా ఉంటాయి. వెనకదాని మొన ముందుదాని అడుగున గుచ్చుకుంటే పేలే ప్రమాదం. కాబట్టి మొన చదునుగా వచ్చే అచ్చునే ఎంచుకోవాలి.

మన దగ్గర 1972 చట్టం కింద వేట నేరం. గుండుతో పని తీరింది. మరి చూపు? 1900 తర్వాత జాడలేని కలివికోడిని 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, రాత్రి టార్చి వెలుగులో పట్టిచ్చింది ఓ స్థానిక వేటగాడే! ఆ పిట్ట కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది. నేటికీ అది కనిపించడం గగనమే. దాన్ని కాపాడాలంటే ముందు కావాల్సింది అలాంటి కళ్లే!