ఎక్కడ పడ్డామో చెప్పే ఆట

ఆఫ్ క్యాంపస్ డ్రైవ్‌లో మూడో రౌండ్ దాకా వెళ్లి వెనక్కొచ్చిన రోజది. కంపెనీ నుంచి వచ్చిన మెయిల్ రెండే లైన్లు. ఎందుకు తీసుకోలేదో అందులో లేదు. ఆ రాత్రి అమీర్‌పేట హాస్టల్లో రూమ్మేట్ ల్యాప్‌టాప్ తీసుకుని ‘ఓరి అండ్ ద బ్లైండ్ ఫారెస్ట్’ అనే ఆట మొదలుపెట్టా. మూడో రాత్రికి ఒక్క చోటే ముప్ఫైసార్లు చచ్చాను. అయితే ఎందుకు చచ్చానో ప్రతిసారీ తెలిసింది. నన్ను ఆ ఆటకు కట్టిపడేసింది అదే.

2015లో వచ్చిన ఈ గేమ్ ప్లాట్‌ఫార్మర్ కోవకు చెందింది. అంటే మారియోలా గెంతుతూ, వేలాడుతూ ముందుకెళ్లాలి. తుపానుకు చెట్టు నుంచి విడిపోయిన చిన్న తెల్లటి ప్రాణి ఓరి. చేరదీసి పెంచిన జీవి ఆకలితో ప్రాణం విడిచాక, ఎండిపోతున్న అడవిని బతికించేందుకు ఒంటరిగా బయల్దేరుతుంది. ఏ సీన్ దగ్గర ఆపి చూసినా రంగులద్దిన బొమ్మలాగే ఉంటుంది. 2016 బాఫ్టా గేమ్ అవార్డుల్లో కళావిభాగం బహుమతి దీనికే దక్కింది.

ఇంత అందంగా ఉంది కదా, ఈజీగా ఉంటుందిలే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. జిన్సో చెట్టు ఘట్టమే చూడండి. చెట్టు బోదెలో కింది నుంచి నీళ్లు ఉవ్వెత్తున లేస్తుంటాయి. ఆగకుండా పైకి ఎగబాకాలి. శత్రువు విసిరిన నిప్పుబంతినే పట్టుకుని, దాన్ని ఊతంగా చేసుకుని ఎగరాలి. ఒక్క గెంతు తప్పితే మళ్లీ మొదటికే. కానీ రెండోసారి ఆ తప్పు చేయం, ఇంకొంచెం పైన ఇంకో తప్పు చేస్తాం. ఆ బొమ్మల అందం, వెనక వినిపించే సంగీతం లేకపోతే పదోసారికే ల్యాప్‌టాప్ మూసేసేవాణ్ని. అందం కూర్చోబెడుతుంది, కష్టం నేర్పిస్తుంది.

‘ఉద్యోగం లేదు, గేములొకటా?’ అని ఇంట్లో అంటారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఆ మూడు రోజులూ నేను మెయిల్ తెరవలేదు. ఆటలో కష్టపడితే గెలుపు ఖాయం. జాబ్ మార్కెట్లో ఆ గ్యారంటీ లేదు. మన తప్పు లేకుండానే పోయే అవకాశాలుంటాయి. ఆ తేడా మర్చిపోతే ఆట దాక్కునే చోటవుతుంది.

అయినా కంపెనీలను ఒకటి అడగాలనిపిస్తుంది. ఓడిన ప్లేయర్‌కి తప్పెక్కడో అర్థమయ్యేలా ఒక గేమ్ టీమ్ ఇంత శ్రద్ధ పెట్టినప్పుడు, మూడు రౌండ్లు రాసిన అభ్యర్థికి ఒక్క లైన్ కారణం చెబితే ఏం పోతుంది? చెప్పరు కాబట్టి, ఆ పని మనమే చేసుకోవాలి.

దానికీ ఈ ఆటలోనే ఒక దారి దొరికింది. ఇందులో ఎక్కడ సేవ్ చేసుకోవాలో మనమే నిర్ణయించుకోవాలి. దాన్ని సోల్ లింక్ అంటారు. దానికి ఓరి శక్తిలో కొంత ఖర్చవుతుంది. బద్ధకించి వదిలేస్తే పది నిమిషాల కష్టం నీళ్లపాలే. ఇంటర్వ్యూ అయ్యాక బస్సులోనే ఐదు నిమిషాలు ఖర్చుపెట్టి, ఏం అడిగారు, ఎక్కడ తడబడ్డాను అన్నది నోట్‌బుక్‌లో రాయడం నేను అలాగే అలవాటు చేసుకున్నా. ఓడిపోయి వస్తూ రాయబుద్ధి కాదు. కానీ రేపటికి సగం మర్చిపోతాం.

ఐదు ఇంటర్వ్యూలు రాశాక ఆ పేజీలన్నీ పక్కపక్కన పెట్టి చూశా. మూడింట్లో నేను పడింది ఒకే చోట, ఎస్‌క్యూఎల్ జాయిన్స్ దగ్గర. అప్పటిదాకా నాకు ఇంగ్లిష్ రాదనీ, అదృష్టం లేదనీ బాధపడుతున్నా. ఆ వారం ఇంగ్లిష్ పుస్తకం పక్కనపెట్టి జాయిన్స్ మొదలుపెట్టా. మీ దగ్గరా ఓ పాత నోట్‌బుక్ ఉండే ఉంటుంది. పోయినసారి ఎక్కడ పడ్డారో ఈ రాత్రే అందులో రాసి చూడండి. తర్వాత కాసేపు ఆడుకున్నా ఎవరూ ఏమీ అనరు.