సౌరజ్వాలకు ముహూర్తం లేదు

సూర్యుడి మీద మచ్చలున్న చోట అయస్కాంత బలరేఖలు మెలికలు పడి ఉంటాయి. అవి హఠాత్తుగా తెగి వేరే తీరులో కలిసినప్పుడు వెలువడే శక్తే సౌరజ్వాల. దాని ఎక్స్-కిరణాలు ఎనిమిది నిమిషాల పైచిలుకులో భూమిని చేరతాయి. ఒక్కోసారి దానితోపాటు ఎగసే ప్లాస్మా మేఘానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ మచ్చలను చిత్రిస్తుండగా ఇలాంటి మెరుపు కనిపించింది. ఆ తర్వాత సుమారు 17 గంటలకు భూమి మీద అయస్కాంత తుపాను చెలరేగింది. అయినా ఒక్క సంఘటనతో రెంటికీ ముడిపెట్టడానికి కారింగ్టన్ తొందరపడలేదు.

గ్రహాలు ఒకచోట చేరితే అనర్థమనే నమ్మకానికి ఇంతటి నిగ్రహం ఎన్నడూ లేదు. 1962 ఫిబ్రవరిలో మకరరాశిలో అష్టగ్రహ కూటమి అనగానే దేశమంతటా హోమాలు జరిగాయి. ప్రళయం రాలేదు, ఆకలిగొన్నవారికి అందాల్సిన నెయ్యి, ధాన్యం మాత్రం అగ్నిలో పడ్డాయి. ఇదే భయం 1974లో సైన్సు వేషం కట్టింది. గ్రహాల ఆకర్షణ వల్ల సూర్యుడిలో అలజడి రేగి, 1982లో కాలిఫోర్నియాలో భూకంపం వస్తుందని ‘ది జూపిటర్ ఎఫెక్ట్’ అనే పుస్తకం చెప్పింది. ఆ భూకంపమూ రాలేదు.

గ్రహాలే సూర్యుణ్ణి కలవరపెడతాయనే ఈ వాదానికి ఊతం ఒక పోలిక. గురుడి ప్రదక్షిణ కాలం 11.86 ఏళ్లు, సూర్యుడి మచ్చలు పెరిగి తగ్గే చక్రం సగటున 11 ఏళ్లు. కానీ మచ్చల చక్రం ఒకసారి తొమ్మిదేళ్లకే ముగుస్తుంది, మరోసారి పన్నెండు దాటుతుంది. గురుడి గమనంలో ఆ హెచ్చుతగ్గులు లేవు. పైగా గురుడి ఆకర్షణ సూర్యుడి మీద లేపగల పోటు ఎత్తు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మచ్చలకు అసలు కారణం అయస్కాంతత్వమే. మచ్చల్లో బలమైన అయస్కాంత క్షేత్రం ఉందని 1908లో జార్జ్ హేల్ నిరూపించాడు.

నేడు ఉపగ్రహాలు ఎక్స్-కిరణాల తీవ్రతను బట్టి జ్వాలలను ఎ, బి, సి, ఎం, ఎక్స్ తరగతులుగా విభజిస్తున్నాయి. ప్రతి తరగతీ ముందుదానికి పదిరెట్లు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సూర్యుణ్ణి ఎడతెగకుండా గమనిస్తోంది. ఇంత పరిశీలన ఉన్నా శాస్త్రజ్ఞులు ఫలానా గంటకు జ్వాల వస్తుందని చెప్పరు; రాగల 24 గంటల్లో ఎంత అవకాశం ఉందో చెబుతారు. జ్వాల కనిపించాక ప్లాస్మా మేఘం వేగాన్ని కొలిచి, భూమిని ఎప్పుడు తాకుతుందో లెక్కగడతారు. 2024 మే నెలలో వచ్చిన పెద్ద అయస్కాంత తుపానుకు ముందే హెచ్చరిక వెలువడింది; లడఖ్‌లోని హాన్లేలో ఎర్రటి ధ్రువకాంతి కనిపించింది. ఆ హెచ్చరిక తయారీలో గ్రహస్థితులతో పనే పడలేదు.