మరణపు పన్ను లేదు. రెంటు బిల్లు మీద పేరు ఎవరిది?

2024 ఏప్రిలులో ఎన్నికల ప్రచారమున వారసత్వపు పన్ను మాట పుట్టినప్పటినుండి మన దాదరు కార్యాలయమునకు వచ్చు సభ్యులు పలువురు మమ్ములను ఒకే ప్రశ్న అడుగుచున్నారు: “సెక్రటరీగారూ, పెద్దాయన కన్నుమూస్తే సర్కారు సగం పట్టుకపోతుందట, నిజమేనా?” షేరు డబ్బు కట్టవచ్చినవారు అడుగుదురు, రిబేటు చీరెలు కొనవచ్చినవారు అడుగుదురు. ఒక పెద్దమనిషి ఈ భయముతో భార్య మెడలోని బంగారమును సైతము కోడలి పేర కాగితము వ్రాయింపబోయినారు. వారిని మేమే ఆపితిమి.

సోదరులారా, అట్టి పన్ను నేడు మన దేశమున లేదు. ఒకప్పుడుండెను. ఎస్టేట్ డ్యూటీ అను చట్టము 1953 అక్టోబరు 15 నుండి అమలులోనికి వచ్చెను. మొదట ఉమ్మడి కుటుంబపు వాటా 50 వేల రూపాయలు, ఇతర ఆస్తి లక్ష రూపాయలు దాటినవారికే అది వర్తించెను. గుంటమగ్గము, ఆసు, రాట్నము అన్నియు కలిపి అమ్మినను అందులో పదవవంతు కాని మన పెద్దలకు దానితో పని పడలేదు. రాబడి స్వల్పము, వసూలు ఖర్చు అధికము అని చెప్పి 1985 బడ్జెటులో దానిని ఎత్తివేసిరి. సంపద పన్ను కూడ 2015లో పోయినది. అమెరికా మాట చెప్పి బెదిరించువారున్నారు. అక్కడ 2024లో కోటి 36 లక్షల డాలర్లకు పైబడిన ఆస్తి మీదనే కేంద్రప్రభుత్వపు పన్ను. అంతటివారు మన సభ్యులలో ఉన్నచో సంఘమునకు చందా బాకీ పడకుందురు.

మేము భయపడునది వేరొకదానికి. కరీంనగరము, నల్లగొండ, పాలమూరు జిల్లాలనుండి మనవారు వచ్చి కామాటిపురాలో, వర్లీలో, నాయగావులో, పరేలులో చాళ్లలో చేరి మిల్లులలో పని చేసిరి. ఆ తరము మనకు విడిచిపోయిన ఆస్తి సాధారణముగా ఒక ఖోలీ. అదియు సొంతము కాదు; పగిడీ ఇచ్చి పుచ్చుకొన్న అద్దె ఖోలీ. అది తండ్రి తరువాత ఎవరికి పోవునో మనలో నూటికి ఒకరైనను కనుగొని ఉండరు.

చట్టము ఇట్లున్నది. 1999 నాటి మహారాష్ట్ర అద్దె చట్టము ప్రకారము అద్దెదారు మరణించు నాటికి ఆయనతో కలిసి ఆ ఖోలీలో నివసించుచున్న కుటుంబ సభ్యునికి ఆ హక్కు సంక్రమించును. అట్టివారు లేనిచో వారసునికి పోవును. సమాధానము కుదరనిచో కోర్టు నిర్ణయించును. పాత 1947 చట్టములో కూడ దాదాపు ఇదే మాట. ఇక వింత ఏమనగా, సొంత ఇంటిని వీలునామా వ్రాసి ఇష్టమైనవారికి ఇవ్వవచ్చును గాని అద్దె ఖోలీని అట్లు ఇచ్చుటకు వీలులేదని సుప్రీంకోర్టు 1994లో తీర్పు చెప్పినది. కావున స్టాంపు కాగితము మీద వ్రాయించి పెట్టెలో దాచుకొన్నవారు ఒకసారి ఆలోచించవలెను.

మా ఇంటి సంగతియే చెప్పుదుము. మా తండ్రిగారిని ఊరినుండి తెచ్చి మిల్లులో పెట్టించినది మా పెదనాన్నగారు. ఖోలీ బిల్లు ఆయన పేర ఉండెను. 1982 జనవరిలో మిల్లు సమ్మె వచ్చిన పిమ్మట ఆయన ఊరికి మరలిపోయి మగ్గము పెట్టుకొనిరి. మేము ఖోలీలోనే ఉంటిమి. నెల నెల అద్దె మా నాన్నగారే కట్టుచుండిరి, బిల్లు మాత్రము పెదనాన్నగారి పేరనే వచ్చుచుండెను. అన్నదమ్ములు గదా, పేరు ఎవరిదైన నేమి అనుకొనిరి. 1996లో పెదనాన్నగారు పోయిరి. మరుసటి నెల యజమాని మనిషి అద్దె తీసికొనలేదు. “బిల్లు మీది మనిషి పోయినాడు, మీరెవరు?” అనెను. మనియార్డరు పంపిన తిరిగి వచ్చెను. ఇంతలో ఊరినుండి పెదనాన్నగారి కుమారుడు, మాకు అన్న, వచ్చి వారసుడను నేనే అనెను. పెదనాన్నగారు చనిపోవునాటికి ఖోలీలో లేరు గనుక, వారితో కలిసి ఉంటిమని మేము చెప్పుకొనలేకపోతిమి.

చివరకు అన్నకు కొంత, యజమానికి కొంత ముట్టజెప్పి బిల్లు మార్పించుకొంటిమి. ఆ అప్పు తీర్చుటకే 1997లో మెట్రిక్ పరీక్షతో మా చదువు ఆగినది. అన్న అన్యాయము చేసినాడని మేము ఇప్పటికిని అనము. ఆయనకు ఊరిలో మగ్గము తప్ప మరేమియు లేదు. కాని తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి కుళాయి వద్ద నీళ్లు పట్టి, ఇరువది యేండ్లు ఆ ఖోలీలో సంసారము నడిపిన మా తల్లిగారి పేరు ఏ కాగితము మీదను లేదు. పెదనాన్నగారు బ్రతికియుండగా యజమాని సమ్మతితో బిల్లు మార్చుకొనియున్న ఈ రభస లేకపోయెడిది. పగిడీ ఖోలీ మార్పునకు డబ్బు పుచ్చుకొనుట 1999 చట్టము ప్రకారము నేరము కాదు. యజమాని తన వాటా అడుగును, నిజమే. ఆ ఖర్చు తరువాత పడెడి ఖర్చుకంటె తక్కువ.

ఇప్పుడీ మాట వ్రాయుటకు కారణము కలదు. ప్రభుత్వపు బీడీడీ చాళ్ల బిల్లులకు నియమములు వేరు, ఆఫీసు వేరు. కాని అక్కడ 160 చదరపు అడుగుల ఖోలీకి బదులు 500 అడుగుల ఇల్లు ఇచ్చుచున్నారు. వర్లీలో 2025 ఆగస్టులో తొలి తాళములు చేతికిచ్చిరి. కామాటిపురాను కూడ మ్హాడా ద్వారా తిరిగి కట్టించుటకు ప్రభుత్వము నిర్ణయించినది. 160 అడుగుల ఖోలీకి రాని దాయాదులు 500 అడుగుల ఇంటికి వత్తురు. తమ్ముడు, మేనల్లుడు, దుబాయినుండి తిరిగివచ్చిన అన్న, అందరును వత్తురు.

ఆడపడుచుల సంగతి మరియొక వింత. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు వాటా ఇచ్చుచు ఆంధ్రప్రదేశములో చట్టము చేసినప్పుడు 1985 సెప్టెంబరు 5కు ముందు పెండ్లియైనవారికి లేదనిరి. మహారాష్ట్రలో ఆ తేది 1994 జూన్ 22. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు లేని హక్కు చెల్లెలికి ఉండెను, ముహూర్తమునుబట్టి! 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతట ఆ భేదము పోయినది. ఆ తేదికి తండ్రి జీవించియుండ నవసరము లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చినది.

కాని బీడీలు చుట్టి, ఇతరుల ఇండ్లలో పని చేసి కూడబెట్టిన మన స్త్రీల సొమ్ము మాటేమి? భర్త, పిల్లలు లేని స్త్రీ వీలునామా వ్రాయక చనిపోయినచో ఆమె స్వార్జితము ముందుగా భర్తవైపు వారికి పోవును. కన్న తల్లిదండ్రులు తరువాతనే. 1955లో పెండ్లియై మూడు నెలలకే భర్త పోయిన ఒకామెను అత్తవారు వెళ్లగొట్టిరి. పుట్టింటివారు చదివింపగా ఉద్యోగము చేసి ధనము కూడబెట్టి ఆమె 1996లో మరణించెను. ఆ ధనము భర్త సోదరి కుమారులకే చెందునని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చినది, చట్టము అట్లున్నది గనుక. ఈ చట్టము మార్చవలెనని మా అభిప్రాయము. మారువరకు మన వితంతు సోదరీమణులు వీలునామా వ్రాయవలెను. ఇద్దరు సాక్షుల సంతకము చాలును. ముంబయి ఆస్తికి వ్రాసిన వీలునామాకు హైకోర్టు ప్రొబేటు తప్పనిసరి, షోలాపురములో అక్కరలేదు అను దొరల కాలపు నియమమును కూడ పార్లమెంటు 2025 డిసెంబరులో తొలగించినది.

సొంత ఫ్లాటు ఉన్నవారికి ఒక మాట. 2015 నుండి మహారాష్ట్రలో నివాసగృహమును భార్యకు, భర్తకు, కుమారునికి, కుమార్తెకు, మనుమలకు, చనిపోయిన కుమారుని భార్యకు దానమిచ్చినచో స్టాంపు డ్యూటీ 200 రూపాయలే. ఇతర రుసుములు వేరుగా విచారించుకొనవలెను. అన్నదమ్ములకు ఈ సౌకర్యము లేదు. మన సంఘపు షేరుకు నామినీగా వ్రాసినవారు కూడ యజమానులు కారు; వారసుల పక్షమున పుచ్చుకొనువారు మాత్రమే. ఈ నామినీ ఫారములు చాలమందివి ఖాళీగానే మా బీరువాలో ఉన్నవి.

ప్రతి ఆదివారము ఉదయము మేము కార్యాలయములో ఉందుము. రెంటు బిల్లు, రేషను కార్డు, కరెంటు బిల్లు తీసికొని రండు. మరాఠీ కాగితములైనను చదివి చెప్పుదుము. వకీలు పని మాకు రాదు, ఎవరి పేర ఏమున్నదో మాత్రము చెప్పగలము. వచ్చునప్పుడు ఇంటి ఆడవారిని కూడ వెంట తెండు.