అడవి గూడెం పిల్లలకు మన సదఖా

కమలాపురం నుండి ఒక సోదరి ఈ శీర్షికకు ఒక ప్రశ్న పంపారు. వారి పిల్లలు పండుగనాడు అందిన ఈదీ సొమ్మును, చుట్టాలు చేతిలో పెట్టిన చిల్లరను ఏడాది పొడవునా మట్టి హుండీలో దాచుకున్నారట. నల్లమల అడవిలోని చెంచు పిల్లలు చాలామంది చదువు మధ్యలోనే మానివేస్తున్నారని, చలికాలంలో కప్పుకోవడానికి సరైన దుప్పటి కూడా లేనివారున్నారని వారు పాఠశాలలో విన్నారు. హుండీ పగులగొట్టి ఆ సొమ్ము వారికే పంపాలని పట్టుబడుతున్నారు. ఇంట్లో పెద్దావిడ మాత్రం, “మన వీధిలోనే దిక్కులేని పిల్లలుండగా అంత దూరం ఎందుకు? పైగా వారు మన ధర్మం వారు కాదు కదా!” అంటున్నారు. ఎవరి మాట సరైనదని ఆ సోదరి అడుగుతున్నారు.

చూడటానికి ఇది హుండీలోని నాలుగు రూపాయల తగవు. తరచి చూస్తే, మన దానధర్మాల పద్ధతినే ప్రశ్నించే విషయం ఇందులో ఉంది. ఎవరికి ఇవ్వాలి? ఎంత దూరం వెళ్లి ఇవ్వాలి? ఎలా ఇవ్వాలి? ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

పెద్దావిడ మాటలో నిజముంది

హజ్రత్ ముఆజ్ (రజి)ను యమన్‌కు పంపుతూ దైవప్రవక్త (స) ఇచ్చిన ఉపదేశం మనకు తెలిసినదే. జకాత్‌ను అక్కడి సంపన్నుల నుండి తీసుకుని అక్కడి పేదలకే చేర్చాలన్నది దాని సారాంశం. అందుకే ధర్మవేత్తలు స్థానికంగా ఉన్న అగత్యపరులకు మొదటి స్థానమిచ్చారు. బంధువుకు చేసిన దానానికి రెండు పుణ్యాలు, ఒకటి దానానికి, మరొకటి బంధుత్వాన్ని నిలిపినందుకు అని కూడా మనం నేర్చుకున్నాం. “ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత” అన్నట్టుగా మన దానం ఉండరాదు.

కమలాపురం పరిసరాల్లో ఆదుకోవలసిన పిల్లలకు కొదవ లేదు. ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో చెమటోడ్చే కుటుంబాలున్నాయి. వానలు ముఖం చాటేసిన ఏడు కూలి వెదుక్కుంటూ ఊరు విడిచే తల్లిదండ్రులున్నారు. కడప జిల్లా నుండి ఇంటిపనుల కోసం కువైట్ వెళ్లిన తల్లులెందరో ఉన్నారు. వారి పిల్లలు అవ్వల చేతుల్లో పెరుగుతున్నారు. నెలనెలా డబ్బు వచ్చినా, జ్వరం వచ్చిన రాత్రి పక్కన కూర్చోవలసిన అమ్మ సముద్రాల అవతల ఉంటుంది. ఇలాంటి పిల్లల్లో అర్హులను గుర్తించి వారి కోసమే మన జకాత్‌ను ముందుగా వెచ్చించడం ఉత్తమం.

పిల్లల మాటలోనూ నిజముంది

జకాత్ వేరు, ఐచ్ఛికమైన సదఖా వేరు. జకాత్ ఎవరికి చెందాలో తౌబా సూరాలో ఎనిమిది వర్గాలుగా నిర్ణయమైంది. దానిని ముస్లిములలోని అర్హులకే ఇవ్వాలన్నది అధిక సంఖ్యాక ధర్మవేత్తల అభిప్రాయం. సదఖాకు ఆ కట్టుబాటు లేదు. ఆకలిగొన్న మనిషి ఏ మతం వాడైనా సదఖాకు అర్హుడే.

ఈ విషయంలో తొలి తరం ముస్లిములకే సంకోచం కలిగింది. బహుదైవారాధకులైన తమ బంధువులకు సాయం చేయవచ్చా అని వారు వెనుకాడినప్పుడు బఖరా సూరాలోని 272వ వాక్యం అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. ఒకరిని సన్మార్గంలోకి తేవడం అల్లాహ్ చేతిలోని పని, మీరు ఖర్చు పెట్టే మంచి మాత్రం మీ మేలుకే అన్నది అందులోని భావం. హజ్రత్ అస్మా (రజి) తల్లి ఇస్లాం స్వీకరించని స్థితిలోనే కూతురిని చూడవచ్చినప్పుడు, ఆమెతో బంధుత్వం నిలుపుకోమనే దైవప్రవక్త (స) ఆజ్ఞాపించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోసిన రోజున, మన యూదు పొరుగువారికి పంపారా అని ఆయన ఇంటివారిని పదేపదే అడిగారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక అంధుడైన యూదు వృద్ధుడు బిచ్చమెత్తడం చూసి, చేయి పట్టి తన ఇంటికి తీసుకువెళ్లి ఉన్నది ఇచ్చి, ఆపైన బైతుల్‌మాల్ నుండి అతనికి భృతి ఏర్పాటు చేయించారు.

కనుక జకాత్ విషయంలో పెద్దావిడ చెప్పింది సబబు. హుండీ సొమ్ము విషయంలో పిల్లలు అడిగింది సబబు. ఫిత్రా గురించి ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలున్నందున మీ ఊరి ఆలిమ్‌ను అడిగి నడుచుకోండి.

నల్లమల మనకు పరాయిది కాదు

కృష్ణకు, పెన్నకు నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగే నల్లమల కొండల దక్షిణపు కొస మన కడప జిల్లాలోనే ఉంది. కమలాపురం పక్కగా పారే పాపఘ్ని వెళ్లి కలిసేది ఆ పెన్నలోనే. ప్రొద్దుటూరు, ఆళ్లగడ్డ, నంద్యాల దాటి ఆత్మకూరు చేరితే బైర్లూటి, నాగలూటి వంటి చెంచు గూడేలకు దారి పడుతుంది. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆ ప్రాంతం 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉంది.

చెంచులు మాట్లాడేది తెలుగే. తేనె, జిగురు, చింతపండు, కుంకుడుకాయలు, దుంపలు సేకరించి బతకడం వారి పూర్వుల నాటి జీవనవిధానం. నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య నివసించి హైమన్‌డార్ఫ్ రాసిన గ్రంథం 1943లో వెలువడింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో వారి సంఖ్య సుమారు 64 వేలు. ప్రభుత్వం వారిని ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలలో ఒకటిగా గుర్తించింది. వారి అడవి 1983లో పులుల అభయారణ్యమైంది. అడవి మీద ఆంక్షలు పెరిగాయి. సేకరించి తెచ్చిన సరుకుకు వచ్చే ధర ఇల్లు గడవడానికి చాలదు. అందుచేత ఎందరో కూలిపనులకు మైదానాలకు దిగుతున్నారు. తల్లిదండ్రులు వెళ్లిన చోటికి పిల్లలూ వెళతారు. అలా వెళ్లిన బిడ్డ పేరు బడి హాజరుపట్టీలో ఉంటుంది, బిడ్డ మాత్రం బడిలో ఉండదు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం న్యాయం కాదు. శ్రీశైలంలో చెంచుల కోసమే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది. ఆశ్రమ పాఠశాలలు ఉన్నాయి, అంగన్‌వాడీలు ఉన్నాయి. 2023 నవంబరు 15న ఇలాంటి సమూహాల కోసమే పీఎం జన్‌మన్ పేరిట ఇళ్లు, తాగునీరు, రోడ్లు, వసతిగృహాలు, సంచార వైద్యశాలలతో ఒక పథకం మొదలైంది. అనంతపురం కేంద్రంగా 1969 నుండి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వంటి సంస్థలు కూడా చెంచుల మధ్య సేవ చేస్తున్నాయి. అయితే పథకానికీ పిల్లవాడికీ నడుమ ఎప్పుడూ ఒక చివరి అడుగు మిగిలిపోతుంది. పుట్టిన తేదీ పత్రం లేక ఆధార్ ఆగుతుంది. ఆధార్ లేక మరొకటి ఆగుతుంది. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లను తిరిగి వసతిగృహానికి దిగబెట్టడానికి బస్సు ఛార్జీ ఉండదు, కూలి మానుకుని వెంట వెళ్లే మనిషి ఉండడు. సదఖా సొమ్ము చిన్నదే అయినా ఆ చివరి అడుగుకు సరిపోతుంది.

ఒక్కరోజు దానం

ఇక మూడో ప్రశ్నకు వద్దాం. మారుమూల గూడేలకు దానం సాధారణంగా ఎలా చేరుతుందో మనకు తెలుసు. ఒక ఆదివారం వాహనం వస్తుంది. పాత బట్టల మూటలు, బిస్కెట్ పొట్లాలు దిగుతాయి. పిల్లలను వరుసగా నిలబెడతారు. ప్రతి బిడ్డ చేతిలో పొట్లం పెడుతూ ఫోటో తీసుకుంటారు. సాయంత్రానికి వాహనం వెళ్లిపోతుంది. ఆ ఫోటో వందల ఫోన్లలో తిరుగుతుంది. మరుసటి నెలలో ఆ బిడ్డ బడికి వెళుతున్నదో లేదో అడిగేవారు ఉండరు.

ఇచ్చిన వారి మనసు మంచిదే కావచ్చు. కానీ ఎత్తిపొడుపుతో, ప్రదర్శనతో దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని బఖరా సూరా మనల్ని హెచ్చరించింది. పేదకు, అనాథకు, ఖైదీకి అన్నం పెట్టి, వారి నుండి ప్రతిఫలం గాని, కృతజ్ఞత గాని కోరని వారిని అద్దహ్ర్ సూరా ప్రశంసించింది. కృతజ్ఞతా వాక్యాన్నే కోరకూడదన్నప్పుడు, కెమెరా ముందు చిరునవ్వును ఎలా కోరగలం? రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ కూడా నిషేధించింది. మన బిడ్డ చిరిగిన చొక్కాతో ఉన్నప్పుడు ఎవరైనా ఫోటో తీస్తే మనం ఊరుకుంటామా?

దైవప్రవక్త (స) తండ్రిని చూడకుండానే జన్మించారు, ఆరేళ్ల ప్రాయంలో తల్లిని కోల్పోయారు. అనాథ పట్ల కఠినంగా వ్యవహరించవద్దని అల్లాహ్ ఆయనకు ఆదేశించినప్పుడు, ఆయన బాల్యాన్నే ముందుగా గుర్తుచేశాడు. అనాథ సంరక్షకుడు స్వర్గంలో తన పక్కనే ఉంటాడని ఆయన రెండు వేళ్లు చూపించి చెప్పారు. ఆ హదీసులో ఉన్నది సంరక్షణ. ఒకనాడు ఒక పొట్లం ఇవ్వడాన్ని ఎవరూ సంరక్షణ అనరు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన మరో హదీసు ప్రకారం, కొద్దిదే అయినా నిలకడగా చేసే పనియే అల్లాహ్‌కు అత్యంత ప్రీతిపాత్రం. పిల్లల విషయంలో ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. ఏడాదికి ఒక్కసారి ఇచ్చే పన్నెండు వందల కన్నా నెలనెలా అందే వంద రూపాయలు ఒక బిడ్డను బడిలో నిలపగలవు.

ఈ చిక్కు మన నల్లమలకే పరిమితం కాదు. కెన్యా, టాంజానియా గడ్డిమైదానాల్లో పశువులే సంపదగా జీవించే మసాయి ప్రజల కథా ఇలాంటిదే. అక్కడ పశువుల వెంట తిరిగే బిడ్డకు బడి దూరం. కరువు వచ్చి పశువులు చస్తే పాలు కరువు, పాలతో పాటు చదువూ కరువు. అలాంటి చోట బయటివారు తమకు తోచింది పంచి వెళ్లిపోతే ఆ పూట గడుస్తుంది. నీరు, మేత, బడి ఈ మూడింటిలో దేనికి తొందర ఉందో ఆ తల్లులనే అడిగి, ఏళ్ల తరబడి వెంట నిలిచినప్పుడే పిల్లల బతుకు మారుతుంది.

ఏం చేయవచ్చు?

మొదట అడగండి. ఆశ్రమ పాఠశాల ప్రధానోపాధ్యాయునికో, అంగన్‌వాడీ కార్యకర్తకో, గూడెం పెద్దకో ఫోన్ చేసి ఏది అవసరమో తెలుసుకోండి. దుప్పటి కావాలంటారా, దోమతెర కావాలంటారా, చెప్పులా, నోటు పుస్తకాలా అన్నది వారే చెబుతారు. కొలత అడిగి కొత్తవే కొనండి. మనం విడిచిన బట్ట ఇవ్వడం తప్పు కాదు గాని, తనకు ఇష్టమైన దానిలో నుండి ఇచ్చినప్పుడే మనిషి పుణ్యశిఖరాన్ని చేరుతాడని ఆలి ఇమ్రాన్ సూరా బోధిస్తోంది.

రెండవది, ఒక్కరుగా కాక నాలుగైదు కుటుంబాలు కలవండి. వందమందికి ఒక్కసారి పంచాలనుకోవద్దు. ఇద్దరో ముగ్గురో పిల్లలను ఎంచుకుని పదో తరగతి వరకు వారి వెంట ఉంటామని సంకల్పించండి. బడులు తెరిచే జూన్ నెలలో, దసరా సంక్రాంతి సెలవులు ముగిసే రోజుల్లో ఆ పిల్లలు తిరిగి బడికి చేరారో లేదో విచారించండి. సొమ్మును పాఠశాల ద్వారానో, లెక్కలు చూపించే సంస్థ ద్వారానో అందించండి. అభయారణ్యంలోని గూడేలకు వెళ్లదలచినవారు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

మూడవది, ప్రభుత్వం ఇచ్చేదాన్ని ఇప్పించండి. మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్‌కు ఎంపికైన బిడ్డకు నెలకు 4,000 రూపాయలు అందుతాయి. తండ్రిని కోల్పోయిన పిల్లలు, తల్లిదండ్రులు లేక బంధువుల ఇంట పెరుగుతున్న పిల్లలు, ప్రాణాంతక వ్యాధిగ్రస్తుల పిల్లలు దీనికి అర్హులు. గ్రామాల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలు మించరాదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. ఇది చెంచు గూడెంలోని అనాథకు ఎంత వర్తిస్తుందో, కమలాపురం వీధిలోని వితంతువు బిడ్డకూ అంతే వర్తిస్తుంది. ఒక కాగితం నింపి, ఒక పూట కార్యాలయం వద్ద వేచి ఉండటం కూడా సదఖాయే.

నాలుగవది, వారి విశ్వాసాల జోలికి వెళ్లవద్దు. అన్నం ముద్దకు షరతు పెట్టడం ఇస్లాం నేర్పిన పద్ధతి కాదు. ధర్మంలో బలవంతం లేదన్న నియమం, ఆకలితో ఉన్నవాని ముందు మరింత జాగ్రత్తగా పాటించవలసిన నియమం.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. హుండీ పగులగొట్టి ఇస్తామంటున్న పిల్లల మనసును చిన్నబుచ్చకండి. తమ ఇంటి గోడల అవతల, తమ మతం అవతల కూడా తమ వయసు పిల్లలున్నారని వారికి తెలిసింది. పెద్దల పోరుతో ఆ చూపు మసకబారితే తిరిగి తెప్పించడం కష్టం. అలాగే ఇవ్వడంతో పని తీరిపోలేదని కూడా వారికి నేర్పండి. ఈ ఏడు సాయం అందుకున్న బిడ్డ వచ్చే ఏడు ఏ తరగతిలో ఉన్నదో వారి చేతనే అడిగించండి. ఇంట్లో పెద్దావిడ చేతనే బిస్మిల్లాహ్ చెప్పించి హుండీ తెరిపించండి. వీధిలోని అనాథకు జకాత్, అడవిలోని బిడ్డకు సదఖా ఒకే ఇంటి నుండి వెళ్లడంలో విరోధమేమీ లేదు.

మన చేతిలోని సంపద అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దానిని దగ్గరివారి హక్కు మరువకుండా, దూరపువారిని చిన్నచూపు చూడకుండా, నిలకడగా ఖర్చు చేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.