దంతేశ్వరి మీద ఒట్టు వేస్తే రిజిస్ట్రేషన్ అయినట్టేనా?

గీదంలో స్థలం దగ్గరో, ఇంటి దగ్గరో మోసపోయిన మనవాళ్ళు మొదట వెళ్ళేది లాయర్ దగ్గరికి కాదు. కొందరు జ్యోతిష్యుడికి జాతకం చూపిస్తారు. కొందరు ఊళ్ళో గునియాని అడుగుతారు. ఎక్కువ మంది బ్రోకర్‌ని పట్టుకుని "దంతేశ్వరి మాయి మీద ఒట్టు వెయ్యి" అంటారు. బ్రోకర్ వెంటనే ఒట్టు వేస్తాడు. ఒట్టు వెయ్యడానికి అతనికి ఖర్చేమీ లేదు కదా! ఒట్టు వేసినవాడికి ఏదో కీడు జరుగుతుందని వీళ్ళు ఎదురు చూస్తూ ఉంటారు. అతనికి కీడు జరగదు గానీ, వీళ్ళు కేసు వెయ్యాల్సిన గడువు మాత్రం దాటిపోతుంది.

గీదం గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇది ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో ఉంది. జగదల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు ఇక్కడే దంతెవాడ వైపు, బీజాపూర్ వైపు చీలుతుంది. బీజాపూర్, భోపాలపట్నం మీదుగా పోతే తెలంగాణ వస్తుంది. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం విశాఖపట్నంతో కలుపుతుంది. అందుకే ఇక్కడ తెలుగు వ్యాపారులు, డ్రైవర్లు, ఉద్యోగులు ఉన్నారు. ఇక్కడే స్థిరపడాలనుకునేవాళ్ళకి స్థలం కావాలి. స్థలం కావాలంటే బ్రోకర్ కావాలి.

ఒట్టు సంగతే ముందు చూద్దాం. ఒకప్పుడు మన చట్టంలో కూడా ఒట్టుకి విలువ ఉండేది. బ్రిటిష్‌వాళ్ళు చేసిన 1873 ప్రమాణాల చట్టం ప్రకారం, "ఎదుటివాడు ఫలానా విధంగా ప్రమాణం చేస్తే నేను ఒప్పుకుంటాను" అని కక్షిదారుడు కోర్టులో అనవచ్చు. ఎదుటివాడు అలా ప్రమాణం చేసి చెప్పిన మాటే ఆ విషయంలో తిరుగులేని రుజువు అయ్యేది. 1969లో వచ్చిన కొత్త ప్రమాణాల చట్టం ఆ పద్ధతిని తీసేసింది. ఇప్పుడు సాక్షి దేవుడి పేరు ఎత్తకుండా కూడా నిజం చెపుతానని చెప్పి సాక్ష్యం ఇవ్వవచ్చు. ఎవరి మీద ప్రమాణం చేశాడన్నది రుజువు కాదు. కోర్టు 1969లోనే వదిలేసిన పద్ధతిని మనవాళ్ళు ఇంకా పట్టుకుని వేళ్ళాడుతున్నారు.

ఇక అసలు విషయానికి వద్దాం. బస్తర్ ఐదవ షెడ్యూల్ ప్రాంతం. ఛత్తీస్‌గఢ్ భూ రెవిన్యూ కోడ్ (1959 నాటి మధ్యప్రదేశ్ కోడే ఇది) సెక్షన్ 165(6) ప్రకారం, నోటిఫై చేసిన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసీ భూమిని ఆదివాసేతరుడికి అమ్మడం కుదరదు. తెలుగువాళ్ళకి ఇది కొత్త విషయమేమీ కాదు. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీల్లో 1/70 చట్టం ఉందని అందరికీ తెలుసు. తెలిసి కూడా ఇక్కడికి వచ్చాక బ్రోకర్ చెప్పే దారిలో పోతారు. ఆ దారి ఏమిటంటే, ఇంట్లో పని చేసే ఆదివాసీ మనిషి పేరు మీదో, తెలిసిన ఆదివాసీ మిత్రుడి పేరు మీదో భూమి కొనడం. డబ్బు మనది, పేరు అతనిది. "ఇక్కడ అందరూ ఇలాగే చేస్తారన్నా, ఏమీ కాదు" అంటాడు బ్రోకర్.

ఏమవుతుందో చట్టంలోనే రాసి ఉంది. బినామీ లావాదేవీల నిషేధ చట్టం 1988లో వచ్చింది, 2016లో దాన్ని ఇంకా కఠినం చేశారు. ఆ చట్టం సెక్షన్ 4 ప్రకారం, డబ్బు పెట్టినవాడు "ఈ భూమి నిజానికి నాది" అని పేరున్నవాడి మీద దావా వెయ్యలేడు. ఆ భూమిని ప్రభుత్వం జప్తు చేసే అవకాశం కూడా ఉంది. కాంట్రాక్టు చట్టం (1872) సెక్షన్ 23 ప్రకారం చట్టాన్ని తప్పించుకోవడానికి చేసుకున్న ఒప్పందం చెల్లదు. అంటే బ్రోకర్ మోసం చేసినా, పేరున్నవాడు అడ్డం తిరిగినా కోర్టు తలుపు మూసి ఉంటుంది. మనవాళ్ళు దీన్ని అన్యాయం అంటారు. నేను అనను. దొంగదారిలో కొన్నవాడికి కూడా కోర్టు రక్షణ ఇస్తే ఆ చట్టం పెట్టడమే అనవసరం.

సెక్షన్ 170-బి అనేది ఇంకొకటి ఉంది. 1959 అక్టోబర్ 2 నుంచి 1980 అక్టోబర్ 24 వరకు ఆదివాసుల నుంచి చేతులు మారిన భూమి ఎవరి దగ్గర ఉందో, అది తనకి ఎలా వచ్చిందో వాళ్ళే సబ్ డివిజినల్ అధికారికి చెప్పుకోవాలి. చెప్పకపోతే ఆ భూమి అక్రమంగా వచ్చిందనే అనుకుని అసలు యజమానికి తిరిగి ఇస్తారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకి కూడా అలాంటి భూమిని తిరిగి ఇప్పించే అధికారం ఉంది. "మేము డబ్బిచ్చి కొన్నాం కదా" అని మనవాళ్ళు వాదిస్తారు. ఎంత ఇచ్చారు? 1990లలో ఇక్కడ మాలిక్ మక్బూజా కుంభకోణం బయటపడింది. ఆదివాసుల సొంత భూముల్లోని టేకు చెట్లని, కొన్ని చోట్ల చెట్లతో పాటు భూమిని కూడా వ్యాపారులు కారుచవకగా కొట్టేశారు. ఆ వ్యవహారం సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. అక్కడ కూడా కాగితాలు ఉన్నాయి, వేలిముద్రలు ఉన్నాయి, డబ్బు ఇచ్చామన్న మాట ఉంది. కాగితం ఉన్నంత మాత్రాన మోసం కాకుండా పోదు. ఒంటరి ఆడదాని భూమి కోసం ఆమెని టోనహి (మంత్రగత్తె) అని ముద్ర వెయ్యడం కూడా ఈ ప్రాంతాలు ఎరిగిన పద్ధతే. ఛత్తీస్‌గఢ్ 2005లో టోనహి వేధింపుల నివారణ చట్టం చేసింది. ఒక మనిషిని టోనహి అనడమే ఆ చట్టం కింద నేరం. మూఢ నమ్మకాలకి, భూమి ఆక్రమణకి ఉన్న సంబంధం ఇక్కడ బాగా కనిపిస్తుంది.

ఇప్పుడు చట్టప్రకారం కొనేవాళ్ళ సంగతి. ముందు తెలుసుకోవాల్సింది, అమ్మేవాడు ఆ భూమికి యజమాని అవునా కాదా అని. బి-1, ఖస్రా పత్రాలు ప్రభుత్వం వారి భుయియాఁ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. అవి చూశాక పట్వారీ దగ్గరా, రిజిస్ట్రార్ ఆఫీసులోనూ సరిచూసుకోవాలి. రెవిన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు. బ్రోకర్ "పవర్ ఆఫ్ అటార్నీ ఉంది, అది చాలు" అంటే నమ్మవద్దు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, సేల్ అగ్రిమెంట్ లాంటి కాగితాలతో యాజమాన్యం మారదని సుప్రీం కోర్టు 2011 అక్టోబర్‌లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. రిజిస్టర్ అయిన సేల్ డీడ్ ఉంటేనే భూమి మనది. ముహూర్తం కోసం రిజిస్ట్రేషన్‌ని నెలలు వాయిదా వేసేవాళ్ళు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. ఆ నెలల్లో అదే ప్లాటు ఇంకొకరికి రిజిస్టర్ కావచ్చు.

లేఅవుట్‌లో ప్లాటు గానీ, అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ గానీ అయితే రేరా చట్టం (2016) ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టులో గానీ రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. అలాంటి ప్రాజెక్టుల్లో అమ్మించే బ్రోకర్ కూడా రేరా దగ్గర నమోదు చేసుకోవాలి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ 10 శాతం కంటే ఎక్కువ అడ్వాన్సు తీసుకోకూడదు. చెప్పిన గడువుకి అప్పగించకపోతే వడ్డీతో సహా డబ్బు తిరిగి అడగవచ్చు. ఇవన్నీ ఉన్నా హైదరాబాద్‌లో "ప్రీ లాంచ్ ఆఫర్" అంటే జనం లక్షలకి లక్షలు పోశారు. సాహితి ఇన్‌ఫ్రా వ్యవహారంలో 2022 డిసెంబర్‌లో అరెస్టయిన కంపెనీ అధినేత తిరుమల తిరుపతి దేవస్థానం పాలక మండలిలో సభ్యుడిగా పని చేసినవాడు. కేసు సంగతి కోర్టు తేలుస్తుంది. నేను చెప్పేది ఒక్కటే. పాలక మండలి సభ్యత్వం రేరా నంబర్ కాదు.

రేరా కాకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. లేఅవుట్ వేసి, రోడ్లు, డ్రైనేజీ ఇస్తామని చెప్పి ప్లాట్లు అమ్మడం కూడా "సేవ" కిందకే వస్తుందని 2012లో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ తీర్పు వచ్చింది మన హైదరాబాద్ కంపెనీ నార్నె కన్‌స్ట్రక్షన్స్ కేసులోనే. కానీ ఒకరి ఖాళీ స్థలాన్ని ఇంకొకరు మామూలుగా కొంటే అది సేవ కాదు, దానికి సివిల్ కోర్టుకే పోవాలి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యవచ్చు. విశాఖపట్నం కంపెనీ మోసం చేసినా దంతెవాడ జిల్లావాడు విశాఖపట్నం తిరగక్కరలేదు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. లాయర్ ఉండాలన్న నియమం లేదు. గడువు 2 ఏళ్ళు.

గడువుల గురించి మళ్ళీ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు ఓడిపోయేది ఇక్కడే. ఇచ్చిన డబ్బు రాబట్టుకోవడానికీ, ఒప్పందం ప్రకారం రిజిస్టర్ చేయించుకోవడానికీ సివిల్ దావాకి సాధారణంగా 3 ఏళ్ళు. బ్రోకర్ ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే బ్యాంక్ మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లో అతను డబ్బు కట్టకపోతే, తరవాత ఒక నెలలో కోర్టులో ఫిర్యాదు వెయ్యాలి. "ఈ శని పోయాక చూద్దాం" అంటే శని పోతుంది, కేసు కూడా పోతుంది.

పోలీస్ స్టేషన్ గురించి కూడా అపోహలు ఉన్నాయి. డబ్బు ఇవ్వకపోవడం ప్రతిసారీ నేరం కాదు. మోసం చెయ్యాలనే ఉద్దేశం మొదటి నుంచీ ఉండాలి. ఒకే ప్లాటుని ఇద్దరికి అమ్మినా, దొంగ కాగితాలు చూపించినా, తనది కాని భూమిని తనదని చెప్పినా అది నేరమే. 2024 జూలై 1కి ముందు జరిగితే ఐపీసీ 420, తరవాత జరిగితే భారతీయ న్యాయ సంహిత 318(4). పోలీసులు తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి, ఆ తరవాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళాలి.

నగదు సంగతి. స్థలం అమ్మేవాడు అడ్వాన్సుని 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదని 2015 నుంచి నియమం ఉంది. 2 లక్షలు, అంతకు మించి నగదుగా ఇచ్చానని ఎవరైనా దావా వేస్తే కోర్టు ఆదాయపు పన్ను శాఖకి తెలియజెయ్యాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు ఆదేశించింది. కాబట్టి సంచిలో డబ్బు పెట్టి పూజ చేసి ఇచ్చేవాళ్ళు ఆలోచించుకోవాలి. బ్యాంక్ ద్వారా పంపిన డబ్బు, దానికి రసీదు, బ్రోకర్ వాట్సాప్‌లో ఒప్పుకున్న మాట, ఇవే రేపు రుజువులు.

ఇవన్నీ స్థలం కొనగలిగినవాళ్ళ సంగతులు. సంతలో చింతపండు అమ్ముకునే ఆదివాసీ సంగతి ఏమిటి? కోచియా (దళారి) తూకం దగ్గరే మోసం చేస్తాడు. తూనికలు కొలతల చట్టం (2009) ప్రకారం ముద్ర లేని కాటా వాడడం నేరం. అడవి ఉత్పత్తులకి మద్దతు ధర పథకం కూడా 2013 నుంచి ఉంది. బస్తర్‌లో 1999లోనే చింతపండుకి మంచి ధర ఇప్పించడానికి ఇమ్లీ ఆందోళన్ నడిచింది. ఆదివాసులకి, ఎస్సీలకి, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 న్యాయ సేవల చట్టం ఇచ్చింది. 15100కి ఫోన్ చేస్తే చాలు. ఈ నంబర్‌ని మన దుకాణాల గోడల మీద రాయవచ్చు. మనవాళ్ళు రాయరు, ఎందుకంటే ఆ కోచియాల్లో మనవాళ్ళూ ఉన్నారు. బ్రోకర్ మనల్ని మోసం చేస్తే గోల పెట్టి, మన కాటా దగ్గర నోరు మూసుకుంటే అది హేతువాదం కాదు.

"కోర్టులో ఏళ్ళు పడుతుంది, లాయర్ ఫీజు ఎవరు ఇస్తారు?" అని అడుగుతారు. నిజమే, ఏళ్ళు పడుతుంది. అందుకే లోక్ అదాలత్ ఉంది. రెండు పక్షాలూ రాజీకి ఒప్పుకుంటే అక్కడి తీర్పుకి అప్పీలు లేదు, పెండింగ్ కేసు అయితే కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. కానీ కోర్టు ఆలస్యం అన్నది జ్యోతిష్యుడి దగ్గరికి వెళ్ళడానికి కారణం కాదు. ఆలస్యంగానైనా కోర్టు డబ్బు ఇప్పించిన సందర్భాలు ఉన్నాయి. గునియా రాబట్టిన అడ్వాన్సు ఒక్కటైనా ఉంటే చూపించమనండి.

నాస్తికుడిగా ఉండి కూడా బ్రోకర్ మాట నమ్మి లక్షలు పోసేవాళ్ళు ఉన్నారు. బాబాని "రుజువు ఏది?" అని అడిగినవాడు బ్రోకర్‌ని కూడా అదే అడగాలి. డబ్బు ఇచ్చాక కాదు, ఇచ్చే ముందు అడగాలి.