పి.సి.ఓ.ఎస్. - భార్యాభర్తలిద్దరూ వినవలసిన సంగతి

"సిస్టర్, నాకు నీటి బుడగలు ఉన్నాయంట" అంటూ మన వడ్డేపల్లి చుట్టుపక్కల ఊళ్ళ నుండి ఆడపిల్లలు స్కానింగ్ కాగితం పట్టుకుని వస్తారు. నెలసరి ఎప్పుడు సరిగా వస్తుంది, కడుపు ఎప్పుడు పండుతుంది అని అడుగుతారు. అడగాలని ఉండీ నోరు రాని మాట ఇంకొకటి ఉంటుంది. భర్త దగ్గరకు వెళ్ళాలంటే సిగ్గుగా, ఒక్కోసారి విసుగుగా ఉంటోందన్న మాట అది. ఆసుపత్రిలో కూడా చెప్పుకోలేకపోతే ఇక ఎక్కడ చెప్పుకుంటారు? అందుకే ఈ నెల దాని గురించే రాస్తున్నాము.

ఆ బుడగలు క్యాన్సర్ గడ్డలు కావు. అండాలు పూర్తిగా ఎదగక మధ్యలో ఆగిపోయిన చిన్న సంచులు. షికాగో డాక్టర్లు స్టీన్, లెవెంతాల్ 1935లోనే ఈ జబ్బును వివరించారు. పిల్లలను కనే వయసు స్త్రీలలో నూటికి 10 నుండి 13 మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇది శాపం కాదు, ఆమె చేసిన తప్పూ కాదు.

మగవారిలో ఎక్కువగా ఉండే హార్మోన్లు పెరిగి గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు వస్తాయి. చాలామందికి ఒళ్ళు కూడా వస్తుంది. అద్దంలో తన ముఖం తనకే నచ్చని స్త్రీ ముందు దీపం ఆర్పమంటుంది, తర్వాత పక్క వేరు చేస్తుంది. నా మీద ఇష్టం పోయిందని భర్త అనుకుంటాడు. ఇద్దరూ నోరు విప్పరు. పైగా, పిల్లల కోసం మందులు వాడేటప్పుడు ఫలానా రోజుల్లో కలవమని డాక్టర్ చెబుతారు. అది అవసరమే గాని, నెలల తరబడి అలా సాగితే దాంపత్యం కూడా మాత్ర వేసుకున్నట్టే అవుతుంది. మధ్యలో ఒక నెల ఆ లెక్క పక్కన పెట్టవచ్చా అని డాక్టర్‌ను అడగండి, తప్పు లేదు.

మరొక మాట. పరీక్షలన్నీ ఆమెకేనా? భర్తకు చేసే వీర్య పరీక్ష సులువైనది, నొప్పి లేనిది. అయినా భార్య నాలుగైదు రకాల మందులు మింగిన తర్వాత గాని చాలామంది మగవారు దానికి ఒప్పుకోరు. ఇది న్యాయం కాదని మా అభిప్రాయం.

సంఘంలోని పెద్దమ్మలకు కూడా ఒక మనవి. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర "విశేషమేమైనా ఉందా?" అని అడగడం మానండి. పేరు పెట్టి అందరి ముందు ప్రార్థించే ముందు ఆమె అనుమతి తీసుకోండి. దేవుని మందిరంలో కన్నీళ్ళతో ప్రార్థిస్తున్న హన్నాను యాజకుడైన ఏలీయే తాగి ఉందనుకున్నాడు కదా! ఎల్కానా ఆమెను పిల్లలు లేకపోయినా ప్రేమించాడు. ఆ భాగం మగవారికి చదివి వినిపించాలి.

ఈ జబ్బు ఉన్నవారితో, వారి అనుమతి అడిగి, దాంపత్య జీవితం గురించి కూడా మాట్లాడాలని 2023 నాటి అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెప్పాయి. కాబట్టి మా నర్సులు అడిగితే తప్పుగా అనుకోకండి. కలిసినప్పుడు నొప్పి ఉన్నా, మనసు దిగులుగా ఉన్నా చెప్పండి. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. బరువు ఎక్కువ ఉన్నవారు నూటికి అయిదు వంతులు తగ్గినా నెలసరి కుదుటపడే అవకాశం ఉంది. వీలైతే ఇద్దరూ కలిసి రండి. భర్త రానంటే ఒక్కరే రండి, తలుపు వేసి మాట్లాడుకుందాం.