కొండపల్లి కొండకి రీడ్‌మీ ఫైలు ఎవరు రాస్తారు?

యూనివర్సిటీల్లో జరిగే పరిశోధనల గురించి మాటొస్తే మనవాళ్ళ దగ్గర ఎక్కువగా రెండు అభిప్రాయాలు వినపడతాయి. ఒకటి, "ఆ, ఏముందండీ, ప్రమోషన్ల కోసం రాసుకునే కాగితాలు" అని. రెండోది, "ఒక్కదాని మీద నిలబడరు, తలా ఒక దిక్కు పోతారు" అని. మొదటిదాంట్లో ఎంతోకొంత నిజం ఉండే ఉంటుంది, దాని జోలికి ఇప్పుడు పోను. నా పేచీ అంతా రెండోదాంతోనే. తలా ఒక దిక్కు పోవడం తప్పేం కాదు. పోయినవాళ్ళు అక్కడేం చూశారో ఇంటికొచ్చి చెప్పకపోవడమే తప్పు.

తలా ఒక దిక్కు అంటే ఎలా ఉంటుందో చూడాలంటే గ్రీసు వెళ్ళాలి. అక్కడ ఏజియన్ విశ్వవిద్యాలయం అని ఒకటుంది, 1984లో పెట్టారు. దానికి ఒక ఊరంటూ లేదు, ఆరు దీవుల్లో పరుచుకుని ఉంటుంది. లెస్బోస్‌లో సముద్రశాస్త్రం, భూగోళశాస్త్రం, మానవశాస్త్రం. ఖియోస్‌లో నౌకా వాణిజ్యం. సామోస్‌లో గణితం, కంప్యూటర్లు. సీరోస్‌లో డిజైను. లెమ్నోస్‌లో ఆహారశాస్త్రం. రోడ్స్‌లో మధ్యధరా ప్రాంత అధ్యయనాలు. పైనుంచి చూస్తే కిచిడీలాగే ఉంటుంది. కొంచెం దగ్గరికెళ్ళి చూడండి. ఖియోస్ తరతరాలుగా ఓడల యజమానుల దీవి. సామోస్ పైథాగరస్ పుట్టిన దీవి. లెస్బోస్‌లో రాయిగా మారిపోయిన అడవి ఉంది, 2015లో లక్షలమంది శరణార్థులు పడవల్లోంచి దిగిన తీరం కూడా అదే. అంటే ఆ కిచిడీలో చాలా దినుసులు ఆ నేలవే అన్నమాట.

మనకి ఇలాంటిది లేదా అంటే, భేషుగ్గా ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో మొదలైంది బెజవాడలోనే, వాల్తేరు వెళ్ళింది 1930లో. అక్కడ టి.ఆర్. శేషాద్రి గారు పత్తి పువ్వుల్లోని రంగు పదార్థాల మీద పనిచేశారు. భగవంతం, వెంకటరాయుడు గార్లు గ్రూప్ థియరీని భౌతికశాస్త్రంలో ఎలా వాడాలో పుస్తకం రాశారు. 1950ల్లో లఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వచ్చి సముద్రం మీద పని మొదలుపెట్టించాడు. మన తీరానికి ఎదురుగా బంగాళాఖాతం అడుగున ఉన్న లోయలకి ఆంధ్రా, కృష్ణా, మహదేవన్ అని పేర్లున్నాయి తెలుసా? మహదేవన్ అంటే ఆ యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పిన ఆచార్యుడే. పత్తి పువ్వు, లెక్కలు, సముద్రం అడుగు... దీన్ని చెల్లాచెదురు అంటారా, వైవిధ్యం అంటారా, మీరే చెప్పండి.

సరే, ఇప్పుడు మా ఊరికొద్దాం. కొండపల్లి అనగానే ఎవరికైనా బొమ్మలు, ఖిల్లా గుర్తొస్తాయి. భూగర్భశాస్త్రం వాళ్ళకి మాత్రం రాయి గుర్తొస్తుంది. మా కొండల్లో చార్నొకైట్ అనే రాయి ఉంది. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి మీది రాయి ఇదే రకం, అందుకని ఆ పేరు. దాంతోపాటు పొరలు పొరలుగా గడ్డకట్టిన శిలలున్నాయి, వాటిలో క్రోమైట్ ఉంది. వీటి వయసు నూటయాభై కోట్ల సంవత్సరాల పైమాటే. ఉస్మానియాలో పనిచేసిన లీలానందం గారు ఈ రాళ్ళ మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. ఆయన పేపరు ఒకటి 1970లో జర్నల్ ఆఫ్ పెట్రాలజీ అనే పెద్ద పత్రికలో వచ్చింది, పేరులోనే కొండపల్లి ఉంది!

నేను ఆ కొండ కిందే పదో తరగతి దాకా చదివాను. అగ్నిశిలలకి ఉదాహరణ అంటే బసాల్టు, గ్రానైటు అని బట్టీ పట్టాం. కిటికీలోంచి కనపడే కొండ దేంతో అయ్యిందో ఒక్క ముక్క చెప్పినవాళ్ళు లేరు. ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగంలో చేరాక, ఇంటర్నెట్లో ఊరి పేరు కొడితే అప్పుడు తెలిసింది. చెప్పలేదని టీచర్లని అనను. వాళ్ళకి మాత్రం ఎవరు చెప్పారు?

రాయి సంగతి తెలియకపోతే కొంప మునగదు, ఒప్పుకుంటా. కర్ర సంగతి అలా కాదు. కొండపల్లి బొమ్మకి తెల్లపొణికి కర్రే కావాలి. తేలిక, మెత్తన, ఉలికి లొంగుతుంది. బొమ్మలు చేసే ఒక పెద్దాయన్ని అడిగితే, "ఇదివరకు పక్క కొండల్లోనే దొరికేది బాబూ, ఇప్పుడు చాలా దూరం పోవాల్సొస్తంది" అన్నాడు. మరి నాటుకోవచ్చు కదా అంటే, ఈ చెట్టు గింజ పెంకు గట్టిది, అంత తేలిగ్గా మొలకెత్తదు. దీని మీద కూడా పరిశోధన జరిగింది. గింజలోని పిండాన్ని తీసి ల్యాబులో మొలకెత్తించి, మొక్కలు పెంచే పద్ధతి మీద 2009లో పేపరు వచ్చింది, అందులో హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్ళున్నారు. ఈ ముక్క చెబితే పెద్దాయన ఉలి పక్కన పెట్టి, "ఎక్కడ దొరుకుతాయి ఆ మొక్కలు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన బతుకుతెరువుకి సంబంధించిన పని జరిగింది, ఆ కబురు మాత్రం ఆయనదాకా రాలేదు.

అన్ని పరిశోధనలూ ఇంతేనా అంటే కాదు. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి, 1986లో విడుదలైంది. ఇవాళ దాని పేరు తెలియని రైతు లేడు, తినని ఇల్లు అరుదు. అక్కడ విత్తనమే కబురు మోసుకెళ్ళింది. రాయికీ, ల్యాబులో మొక్కకీ ఆ సౌకర్యం లేదు. ఎవరో ఒకరు కాగితం మీద పెట్టాలి.

మా ఫీల్డులో ఒక ఆనవాయితీ ఉంది. ఎంత గొప్ప కోడ్ రాసినా, అది దేనికి, ఎలా వాడాలి అని ఒక పేజీ రీడ్‌మీ ఫైలు పెట్టకపోతే పక్క టీమువాడు దాన్ని ముట్టుకోడు. మన థీసిస్‌ల పరిస్థితి అదే. శోధగంగలో లక్షల పేజీలున్నాయి, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. కానీ మేస్త్రికీ, బడిపిల్లలకీ అర్థమయ్యే ఒక్క పేజీ ఉండదు. ఎందుకుంటుంది? 2016 నుంచి ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో పేపర్లు లెక్కపెట్టేది స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్‌ల నుంచి. తెలుగులో రాసిన పేజీకి అక్కడ సున్నా మార్కులు. మార్కులు లేని పని ఎవరు మాత్రం చేస్తారు?

అందుకని నేనడిగేది చిన్న నిబంధన. ఏ థీసిస్ అయినా డిగ్రీ ఇచ్చేముందు తెలుగులో ఒక పేజీ రాయించండి. ఏం వెతికాం, ఏం దొరికింది, ఎవరికి పనికొస్తుంది, అంతే. ఆ పని ఏ ఊరి మీద జరిగిందో ఆ ఊరి బడికీ, గ్రంథాలయానికీ ఒక కాపీ పంపండి. నాలుగైదేళ్ళు ఒకే విషయం మీద కూర్చున్న మనిషికి ఇది రెండ్రోజుల పని.

తెలుగులో శాస్త్రీయ పదాలు లేవంటారా? సాంబ మసూరిని "బీపీటీ" అని పిలుచుకునే రైతు దగ్గర ఈ మాట అనకండి, నవ్వుతాడు. చార్నొకైట్‌ని చార్నొకైట్ అనే రాయండి, పక్కన "ఖిల్లా కొండ రాయి" అని చెప్పండి, చాలు. ఎవరు చదువుతారంటారా? వందమందికి పంపితే తొంభై మంది చదవకపోవచ్చు. ఆ పెద్దాయన మాత్రం మనవడి చేత చదివించుకుంటాడు, నాకా నమ్మకం ఉంది.

ఈలోగా మీరూ ఒక పని చెయ్యండి. శోధగంగలో మీ ఊరి పేరో, మీ మండలం పేరో కొట్టి చూడండి. ఏదైనా దొరికితే, అందులో ఏముందో నాలుగు వాక్యాల్లో మీ ఊరి బడిలో సైన్సు మాస్టారికి చెప్పండి.